రెండేళ్లలోపు మానేస్తే లక్షన్నర: నియామక ఒప్పందంలో ఇలాంటి బాండు ఉండవచ్చా?

బాలానగర్ వర్క్‌షాపు యజమాని:
మాది నాలుగు సీఎన్‌సీ (కంప్యూటరు ఆదేశాలతో లోహాన్ని కోసే) యంత్రాలున్న చిన్న వర్క్‌షాపు. ఐటీఐలో టర్నరు చదివిన కుర్రవాళ్లను పనిలోకి తీసుకుంటాం. డ్రాయింగు చదవడం, టూల్ ఆఫ్‌సెట్ (పనిముట్టు కొలతల సర్దుబాటు) ఇవ్వడం, మొదటి ముక్కను మైక్రోమీటరుతో కొలిచి సరిచూసుకోవడం చేతికి రావడానికి ఆరు నెలలు పడుతుంది. ఈలోగా విరిగే ఇన్‌సర్టులు (కోత పనిముట్టుకు బిగించే మొనలు), పనికిరాకుండా పోయే ముక్కలు మా ఖాతాలోనే పడతాయి. గత ఏడాది ముగ్గురు పని నేర్చుకుని, నెలకు నాలుగు వేలు ఎక్కువిస్తామన్న పెద్ద కంపెనీకి వెళ్లిపోయారు. అందుకే ఇకమీదట రెండేళ్లలోపు మానేస్తే లక్షన్నర చెల్లించాలని వంద రూపాయల స్టాంపు కాగితంపై రాయించుకుందామనుకుంటున్నాను. బ్యాంకు కేసులో బాండు చెల్లుతుందని సుప్రీంకోర్టు 2025లో తీర్పు ఇచ్చింది కదా, మరి నాది చెల్లదని కొందరు ఎందుకంటున్నారో పెద్దలు తెలియజేయగలరు.

కార్మిక కేసుల న్యాయవాది:
మీ కష్టం నిజమైనదే. అయితే ఆ తీర్పు మీరనుకున్నంత దూరం రాదు. 2025 మే 14న విజయా బ్యాంకు కేసులో వచ్చిన తీర్పు అది. సీనియర్ మేనేజరుగా చేరిన ఒక అధికారి బాండులో రాసిన మూడేళ్లు నిండకుండానే 2009లో రాజీనామా చేసి వేరే బ్యాంకులో చేరారు. బాండు ప్రకారం రెండు లక్షలు కట్టి, ఆ షరతు చెల్లదంటూ కోర్టుకు వెళ్లారు. కర్ణాటక హైకోర్టు ఆయన పక్షాన నిలిచింది, సుప్రీంకోర్టు ఆ తీర్పును తిరగవేసింది. ఉద్యోగంలో ఉన్న కాలానికి సంబంధించిన షరతు గనుక అది వృత్తి నిరోధాన్ని, అంటే ఒకరిని తన వృత్తి చేసుకోనివ్వని షరతులను, నిషేధించే కాంట్రాక్టు చట్టం 27వ సెక్షనుకు విరుద్ధం కాదన్నది. ప్రభుత్వరంగ బ్యాంకు ఒక ఖాళీ నింపాలంటే ప్రకటన ఇచ్చి, బహిరంగ పోటీ జరిపి, ఎంతో ఖర్చు పెట్టాలన్న సంగతిని లెక్కలోకి తీసుకున్నది. అన్నింటికంటే ముఖ్యంగా, అంత జీతమున్న అధికారికి రెండు లక్షలు రాజీనామానే అసాధ్యం చేసేటంత మొత్తం కాదన్నది.

ఈ చివరి కొలతను మీ వర్క్‌షాపుకు పెట్టి చూడండి. నెలకు పదహారు వేలు తీసుకునే కుర్రవాడికి లక్షన్నర అంటే తొమ్మిది నెలల జీతానికి పైమాట. అదే కాంట్రాక్టు చట్టం 74వ సెక్షను ప్రకారం ఒప్పందంలో రాసిన మొత్తం పై హద్దు మాత్రమే. కోర్టు ఇప్పించేది ఆ హద్దుకు లోబడిన సమంజసమైన పరిహారం. లెక్క తేల్చగలిగిన నష్టాన్ని నిరూపించవలసిందేనని కైలాష్‌నాథ్ కేసులో 2015లోనే సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. మీరు ఎవరికి, ఎంత, దేనికోసం కట్టారో చూపే రశీదులు లేకపోతే లక్షన్నర అన్న అంకెకు ఆధారమేదీ ఉండదు. స్టాంపు కాగితం ఆ లోటు తీర్చదు. అలాగే మనిషిని బలవంతాన పనిలో నిలబెట్టమని ఏ కోర్టూ ఆదేశించదు. అడగగలిగేది డబ్బు మాత్రమే.

ప్రైవేటు ఆసుపత్రి స్టాఫ్ నర్సు:
సంతకం చేసినవారి వైపు నుంచి ఒక మాట. నేను చేరిన రోజున నాలుగు పేజీల ఇంగ్లీషు ఒప్పందంలో సంతకాల చోట్ల పెన్సిలుతో గుర్తులు పెట్టి ఇచ్చారు. ఇంటికి తీసుకువెళ్లి చదువుకుంటానంటే కుదరదన్నారు. రెండేళ్ల బాండు, లక్ష రూపాయల ‘శిక్షణ ఖర్చు’. ఆ శిక్షణ ఏమిటంటే మొదటి వారం వార్డులు చూపించడం, కంప్యూటరులో మందుల ఇండెంటు పెట్టడం నేర్పడం. ఎనిమిదో రోజు నుంచి రాత్రి డ్యూటీ. పదో తరగతి మెమో మొదలు నర్సింగ్ రిజిస్ట్రేషన్ దాకా ఒరిజినల్స్ అన్నీ వాళ్ల బీరువాలోనే ఉన్నాయి. ప్రభుత్వ ఉద్యోగానికి సర్టిఫికెట్ల పరిశీలనకు పిలుపు వస్తే ఒక్క రోజుకైనా ఇవ్వలేదు, ఆ అవకాశం పోయింది. వర్క్‌షాపు అయ్యగారు ఏం రాయించుకున్నా, ఈ పని మాత్రం చేయవద్దని కోరుతున్నాను.

హెచ్‌ఆర్ ఉద్యోగి:
సర్టిఫికెట్లు పట్టుకోవడాన్ని నేనూ సమర్థించను. కానీ మేము ఒక్క బాండునూ కోర్టుదాకా తీసుకువెళ్లలేదు. కాగితం ఉందన్న జంకుతోనే చాలామంది ఏడాదైనా నిలుస్తారు, ఆ ఏడాదిలో మా ఖర్చు రాబడుతుంది. వెళ్లేవారి ఆఖరి జీతం ఆపి బాండుకు జమ కట్టుకుంటే తగాదా కూడా ఉండదు.

కార్మిక కేసుల న్యాయవాది:
నా అభ్యంతరం ఆ జంకు మీదనే. కోర్టులో నిలవదని తెలిసిన షరతును తెలియనివాడి ముందు పెట్టి సంతకం తీసుకోవడాన్ని ఒప్పందమనలేను. జీతం ఆపడం అంతకంటే ప్రమాదం. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన వేతనాల కోడ్ (జీతాల చెల్లింపుపై కేంద్ర చట్టం) ప్రకారం రాజీనామా చేసినవారికి రావలసిన వేతనాన్ని రెండు పనిదినాల్లో చెల్లించాలి. ఏయే కోతలు వేయవచ్చో అందులోనే జాబితా ఉంది, బాండు సొమ్ము ఆ జాబితాలో లేదు.

వర్క్‌షాపు యజమాని గారికి సూటి దారి వేరే ఉంది. 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం కింద కుర్రవాణ్ణి అప్రెంటిస్‌గా (పని నేర్చుకునే శిక్షణార్థిగా) నమోదు చేసుకుంటే, శిక్షణ పూర్తయ్యాక మీ వద్దనే పనిచేయాలన్న షరతును 22వ సెక్షను అనుమతిస్తుంది. అప్పుడు తగిన ఉద్యోగం ఇవ్వవలసిన బాధ్యత మీకూ ఉంటుంది. అతను శిక్షణ మధ్యలో మానేసి ఒప్పందాన్ని ఉల్లంఘిస్తే చెల్లించవలసిన శిక్షణ ఖర్చును ప్రభుత్వ అధికారి అయిన అప్రెంటిస్‌షిప్ సలహాదారు నిర్ణయిస్తారు. అంకె మీ చేతిలో ఉండదు, అది ఇద్దరికీ మంచిది.

బాలానగర్ వర్క్‌షాపు యజమాని:
ఇన్‌సర్టులు, పాడైన ముక్కలు వ్యాపారంలో నా నష్టమేనని ఒప్పుకుంటున్నాను. అప్రెంటిస్ నమోదు గురించి వాకబు చేస్తాను. ఇప్పటికే ఉద్యోగంలో ఉండి, ప్రోగ్రామింగు కోర్సుకు నేను పంపేవారి కోసం ఇలా రాశాను: “సంస్థ శిక్షణాలయానికి రశీదు ప్రకారం కట్టిన 36,000 రూపాయలలో, కోర్సు ముగిసిన నాటి నుంచి పనిచేసిన ప్రతి నెలకు 3,000 చొప్పున తగ్గించి, మిగిలినది మాత్రమే ఉద్యోగి చెల్లించాలి. సంస్థే తొలగించినచో ఏమీ చెల్లించనక్కరలేదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకోబడవు. ఈ ఒప్పందపు తెలుగు ప్రతిని సంతకానికి మూడు రోజుల ముందు ఇవ్వవలెను.” జబ్బుచేసి మానేసేవారి సంగతి ఎలా రాయాలో తోచలేదు.

ప్రైవేటు ఆసుపత్రి స్టాఫ్ నర్సు:
“అనారోగ్యం వల్ల మానేసినచో ఏమీ చెల్లించనక్కరలేదు, ఏ ప్రభుత్వ వైద్యుడిచ్చిన ధ్రువపత్రమైనా చాలును” అని రాయండి. మా ఒప్పందంలో ‘సంస్థ సూచించిన వైద్యుడు’ అని ఉంది. ఆ మూడు మాటల వల్ల, నడుము పట్టేసి లేవలేని మా తోటి అమ్మాయి నెలన్నర నోటీసు కాలమంతా డ్యూటీ చేసింది.