చూపు లేనివారి ఖాతాకు తోడు మనిషి: రక్షణా, అడ్డంకా?

తెల్లకర్ర (రాయగడ):
అందరికీ నమస్కారం. నాకు పుట్టుకతో చూపు లేదు. ఉద్యోగం చేస్తున్నాను, జీతం నా ఖాతాలోనే పడుతుంది. తెర మీది మాటలు పైకి చదివి వినిపించే ఏటీఎంలు ఉన్నాయి కదా అని పోయిన వారం మా ఊళ్లో ఒక బ్యాంకుకు వెళ్లి ఏటీఎం కార్డు అడిగాను. "మీ నాన్నగారిని తీసుకురండి, ఉమ్మడి ఖాతా చేసి కార్డు ఆయన పేరున ఇస్తాం" అన్నారు. నాన్నకు డెబ్భై రెండేళ్లు, రెండు కళ్లకూ శుక్లాలు. ఆ సంగతి చెబితే "అయినా ఆయనకు కొంచెం కనిపిస్తుంది కదా" అన్నారు. ఇంటికొచ్చి ఇద్దరం నవ్వుకున్నాం. కాని రాత్రి భోజనాల దగ్గర నాన్నే "వాళ్లు చెప్పింది నీ మేలుకే కదమ్మా" అన్నారు. అక్కడ నాకు నవ్వు ఆగిపోయింది. మేలుకేనా? మీరేమంటారు?

పాత క్యాషియరు (బరంపురం):
అమ్మా, కోపగించుకోకండి. ముప్పై ఏళ్లు కౌంటరులో కూర్చున్నవాడిని. మా బ్రాంచికి చూపు పోయిన పెద్దాయన ఒకరు మేనల్లుణ్ణి వెంటబెట్టుకుని వచ్చేవారు. ఒకనాడు పాస్‌బుక్ ఎవరిచేతో చదివించుకుంటే పద్దెనిమిది వేలు తక్కువ తేలాయి. ఫారం మీద వేలిముద్ర ఆయనదే, అంకె వేసింది మేనల్లుడు. విచారణ మాత్రం నా మీదికి వచ్చింది. అప్పటినుంచి ఇద్దరు సాక్షులు లేనిదే డబ్బు ఇచ్చేవాళ్లం కాదు. రూళ్లు రాసేవారు ఎక్కడో ఉంటారు, డబ్బు పోతే నిలదీసేది కౌంటరులో ఉన్నవాణ్ణే. పైగా చూపు లేనివారి సంతకం ఈరోజు ఒకలా, రేపు ఒకలా ఉంటుంది. దేనితో సరిపోల్చుకోమంటారు?

వంశధార:
మా దగ్గర ఏటీఎంలో నెలకు పది రోజులు డబ్బే ఉండదు. అది మాట్లాడితే ఎంత, మాట్లాడకపోతే ఎంత!

తెల్లకర్ర:
వంశధార గారూ, డబ్బు లేదన్న మాటైనా అది నాకు చెప్పాలి కదా. మీరు బోర్డు చూసి వెనక్కి తిరుగుతారు, నేను వరుసలో నిలబడి ఉంటాను.

క్యాషియరు గారూ, మీ కథలో దొంగ ఎవరు? తోడు వచ్చినవాడే. దానికి విరుగుడుగా మీరు ఇంకో ఇద్దరిని తోడు పెట్టారు. ఆ పెద్దాయన చేతికే కార్డు ఉండి, ఏటీఎం ఆయన చెవిలో నిల్వ ఎంతో చెప్పి ఉంటే మేనల్లుడి అవసరమేముంది? 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో 13వ సెక్షను మా డబ్బు వ్యవహారం మేమే చూసుకోవచ్చని అంటుంది. సాయం చేసేవారికీ మాకూ ప్రయోజనాలు ఢీకొంటే ఆ లావాదేవీ నుంచి సాయం చేసేవారే తప్పుకోవాలని కూడా అందులోనే ఉంది. అంటే మీ మేనల్లుడి సంగతి చట్టానికీ తెలుసు.

ఇక రిజర్వు బ్యాంకు 2008లోనే బ్యాంకులన్నింటికీ రాసింది: చూపు లేనివారు ఒప్పందాలు చేసుకోవడానికి చట్టరీత్యా అర్హులు, చెక్‌బుక్, ఏటీఎం, లాకరు వంటివి నిరాకరించకూడదు అని. 2014 జూలై నుంచి పెట్టే ప్రతి కొత్త ఏటీఎం మాట్లాడాలని, మీటల మీద వేలితో తడిమి చదివే బ్రెయిలీ చుక్కలు ఉండాలని కూడా చెప్పింది. ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే పక్కవారికి ఏమీ వినపడదు. మా ఊళ్లో ఒక ఏటీఎంకు ఆ రంధ్రం ఉంది. దుమ్ముతో పూడిపోయింది, అంతే.

పర్లాకిమిడి కిరాణా:
నాది వేరే మాట. మా అమ్మకు చూపు లేదు. నన్ను నమ్ముతుంది, కార్డు వద్దంటుంది. మీరు గెలిస్తే రేపు బ్యాంకువాళ్లు "మీ అబ్బాయి రాకూడదు, మీరే నొక్కుకోండి" అంటారేమో! నోట్లు కూడా చిల్లర కొట్టులో పెద్ద తంటాలే. కొత్త వందకు, రెండు వందలకు, అయిదు వందలకు మధ్య పొడవులో నాలుగేసి మిల్లీమీటర్లే తేడా. అమ్మ వేళ్ల మధ్య మడిచి కొలుస్తుంది, నలిగిన నోటు వస్తే మోసపోతుంది. ఫోనులో 'మణి' యాప్ పెట్టాను, 2020లో రిజర్వు బ్యాంకే తెచ్చింది. నోటును కెమెరా ముందు పెడితే విలువ చెబుతుంది. అయినా ఆమె నన్నే పిలుస్తుంది.

తెల్లకర్ర:
అమ్మగారు మిమ్మల్ని పిలవడం ఆమె ఇష్టం. మా నాన్నను పిలవమన్నది బ్యాంకు. ఈ రెండింటికీ తేడా లేదంటారా, అన్నయ్యా?

గుణుపురం మాష్టారు:
ఒక సంగతి కలుపుతాను, కాస్త పక్కదారి అనుకున్నా సరే. ఒడిశాలో ఉన్న మన తెలుగు పిల్లలు బడిలో ఒడియా చదువుతారు, ఇంట్లో తెలుగు మాట్లాడతారు, తాతగారి ఉత్తరం మాత్రం చదవలేరు. చూపు లేని పిల్లలకు ఈ చిక్కు సగమే. మన దేశ భాషలకు ఉమ్మడిగా ఉన్న భారతీ బ్రెయిలీలో తెలుగు 'క'కూ, ఒడియా 'క'కూ చుక్కలు ఒకటే, కాబట్టి అక్షరాలు రెండోసారి నేర్చుకోనక్కరలేదు. చూపున్నవాళ్లం మనమే రెండు లిపుల మధ్య ఇరుక్కున్నాం.

మరి ఆ పిల్లలే పెద్దవాళ్లై బ్యాంకుకు వెళితే ఏమవుతోంది? ఫారం స్కాను చేసి పంపుతారు. అది బొమ్మ, అందులో అక్షరాలుండవు, తెర మీది అక్షరాలు చదివి వినిపించే స్క్రీన్ రీడరు నోరు మెదపదు. టైపు చేసినా యూనికోడ్ కాని పాత ఫాంటులో చేస్తే ఇంగ్లీషు అక్షరాల గోల చదివి వినిపిస్తుంది. ఫోనులో ఖాతా తెరవబోతే కెమెరా ముందు కళ్లు ఆర్పమంటుంది! 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు ఈ కేవైసీ (ఖాతాదారు ఎవరో తేల్చుకునే తనిఖీ) తిప్పలనే విని, డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని చెప్పింది. ప్రాణమున్న మనిషే అని తేల్చుకోవడానికి కళ్లార్పడం ఒక్కటే దారి కాకూడదని కూడా అంది. తోడు తప్పనిసరి అంటున్నవారు ముందు ఈ ఫారాల సంగతి చూడాలి. వాళ్లు చదవలేని కాగితం చేతికిచ్చి, చదివిపెట్టే మనిషిని తెచ్చుకోమనడం ఏమి న్యాయం?

పాత క్యాషియరు:
మాష్టారూ, ఒప్పుకుంటున్నాను. కార్డు విషయంలో నా మనసు ఇంకా పూర్తిగా కుదుటపడలేదు. పిన్ను ఎవరికైనా చెప్పేస్తే? అయినా చూపున్నవారు కూడా పిన్ను కార్డు కవరు మీదే రాసుకోవడం ఎన్నిసార్లు చూశానో, అది వేరే సంగతి. సంతకం మాట మాత్రం ఎవరూ తేల్చలేదు.

తెల్లకర్ర:
అట్టముక్కలో చిన్న కిటికీ కోసి పెట్టుకుంటాను. సంతకం పెట్టేచోట ఎవరైనా దాన్ని ఆనిస్తే చాలు, పెన్ను అంచులు దాటి పోదు. పదేళ్లుగా నా సంతకం ఒకేలా ఉంది. జీతం రిజిస్టరులో ఎవరూ అభ్యంతరం పెట్టలేదు. ఆ 2008 ఉత్తరం ముద్రించుకుని, నాన్నను ఇంట్లోనే ఉంచి సోమవారం మళ్లీ వెళుతున్నాను.

పాత క్యాషియరు:
మౌఖికంగా అడగకండి, దరఖాస్తు రాసివ్వండి. ఇవ్వము అంటే ఆ మాట కూడా రాతలో ఇమ్మనండి. కౌంటరు వాడు రాతకు భయపడతాడు, నాకు తెలుసు. అన్నట్టు ఆ కిటికీ కొలత ఎంతమ్మా? మా వీధిలో ఒకాయన ఇంకా వేలిముద్రే వేస్తున్నారు.

తెల్లకర్ర:
వేలెడు ఎత్తు, నాలుగు వేళ్ల వెడల్పు. పాత పెళ్లిపత్రిక అట్ట అయితే గట్టిగా ఉంటుంది.