కొండ యద్దమందు... తడి అద్దాన్ని అద్దాలా, ఒత్తాలా?

మంచుబాట:
రెండు రోజులుగా ఒక పద్యపాదం నోట్లో నానుతోంది. శనివారం స్కీయింగ్‌కి వెళ్ళి, ఇక్కడ అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రపు మంచుకొండ స్టీవెన్స్ పాస్‌లో, పైకి తీసుకెళ్ళే స్కీ లిఫ్ట్ కోసం నిలబడ్డాం. ఎదురుగా ఉన్న మిత్రుడి గాగుల్స్‌లో నా వెనక ఉన్న కొండంతా బొటనవేలి గోరంత కనిపించింది. "కొండ అద్దమందు..." అనుకున్నాను. ఆ తర్వాత "చిన్నదై యుండదా"నా, "కొంచెమై యుండదా"నా? వేమన పద్యమని తెలుసు, ఆ ఒక్క మాట దగ్గరే ఆగిపోతున్నాను.

అసలు పని ఇంకొకటి ఉంది. ఇక్కడ పడేది తడిమంచు. మధ్యాహ్నం మిత్రుడు బోర్లా పడ్డాడు, గాగుల్స్ లోపలికి మంచు దూరింది. కంగారులో గ్లవ్ వేలితో లోపలివైపు గట్టిగా రుద్దేశాడు. సాయంత్రానికి మిగతా అద్దమంతా తేటగానే ఉంది. ఆ వేలు తిరిగిన మేర మాత్రం ఊపిరి తగిలితే చాలు, ఆవిరి పట్టేస్తోంది. లోపలివైపు ఉండే యాంటీఫాగ్ పూత నీటిని బొట్టు కట్టనివ్వదు, పల్చని పొరలా పరుస్తుంది. అందుకే చూపు మసకబారదు. తడిసినప్పుడు ఆ పూత మెత్తబడుతుంది, అప్పుడు రుద్దితే లేచిపోతుంది.

ఇక్కడి తెలుగు కుటుంబాల కోసం అరపేజీ నోటు రాస్తున్నాను: "లోపలివైపు తడిగా ఉంటే తుడవకండి. మంచు దులిపి గాలికి ఆరనివ్వండి. మరీ తప్పకపోతే గాగుల్స్‌తో పాటు వచ్చిన మెత్తటి గుడ్డతో ______." ఆ ఖాళీలో అద్దండి అనాలా, ఒత్తండి అనాలా?

ఆటవెలది:
"చిన్నదై" కానే కాదండీ. పాదం "కొ"తో మొదలైంది కాబట్టి నాలుగో గణం మొదట క వర్గం అక్షరం రావాలి, "చి" వేస్తే యతి పోతుంది. అలాగే మీరు రాసిన "కొండ అద్దమందు" కూడా "కొండ యద్దమందు" కావాలి. "కొండద్దమందు" అని కలిపేస్తే "డ" గురువై మొదటి గణమే కూలిపోతుంది. సంధి లేనిచోట యడాగమం వస్తుంది కదా. ఇక నా పాఠం "గొంచెమై". అందున్ ద్రుతాంతం, అంటే చివర "న్" ఉన్న మాట, కాబట్టి సరళాదేశం: తర్వాతి "క" "గ" అవుతుంది. కొండ యద్దమందు గొంచెమై యుండదా.

పైటచెంగు:
మంచుబాట గారూ, ఒత్తండి అనే రాయండి. తడిని తీసే పనికి తెలుగులో ఉన్న మాట అదే. పైటచెంగుతో కళ్ళొత్తుకుంది అంటాం, కళ్ళద్దుకుంది అనం. కళ్ళకద్దుకోవడం వేరు. అది పుస్తకానికీ ప్రసాదానికీ చేసేది. అద్దడంలో ఎప్పుడూ ఇవ్వడమే ఉంది: పౌడరు అద్దుతాం, పసుపు అద్దుతాం, రంగు అద్దుతాం. తీసుకోవడం లేదు.

పెడన అద్దకం:
మాది అద్దకం పని చేసే ఊరు, అందుకని చెబుతున్నాను. చెక్క అచ్చుని రంగులో ముంచి గుడ్డ మీద నిలువుగా దించుతారు, నిలువుగానే ఎత్తుతారు. ఇసుమంత పక్కకి జరిగినా గీత చెదిరిపోతుంది, ఆ గజం గుడ్డా పాడైనట్టే. చిన్నప్పుడు మా నాన్న నా చెయ్యి పట్టుకుని "జరపకు, ఎత్తు" అనేవాడు. మీ గాగుల్స్‌కి కావలసింది సరిగ్గా ఆ కదలికే. ఇవ్వడమా తీసుకోవడమా అన్నది కాదు, రాపిడి లేకపోవడం అద్దడానికి ప్రాణం. ఒత్తడంలో బలం ఉంది. పూరీలు ఒత్తుతాం, కాళ్ళు ఒత్తుతాం. మెత్తబడిన పూత మీద ఆ మాట నాకు భయంగా ఉంది.

ఇంకో సంగతి. అద్దం అన్న మాటే అద్దడంలోంచి వచ్చిందని నా నమ్మకం. ముఖాన్ని తన మీద అద్దుకునేది అద్దం.

ఆటవెలది:
చివరి మాట ఒప్పుకోలేనండీ. అద్దం మన పాత క్రియలోంచి పుట్టింది కాదు. దర్పణానికి సంస్కృతంలో ఆదర్శం అని ఇంకో పేరు, ప్రాకృతంలో అది అద్దాఅ అయింది, అక్కడినుంచి మనకు అద్దం. అద్దమరేయిలోని అద్దం మళ్ళీ వేరు, అది అర్ధం. మూడూ ఒకేలా వినబడతాయి, అంతే.

పెడన అద్దకం:
పుట్టుక వేరు కావచ్చు. వినేవాడి చెవిలో రెండూ కలిసిపోయాయి కదా. "అద్దాన్ని అద్దండి" అంటే పిల్లాడికి కూడా గుర్తుంటుంది.

నూజివీడు:
అందరూ పూత అనే మాటని దాటేసి వెళ్ళిపోతున్నారు. మా తోటల్లో పొగమంచు ఎక్కువైన ఏడు మావిడి పూత మాడిపోతుంది. చెట్టు కింద నల్లటి పొడిలా రాలి ఉంటుంది, చూస్తే కడుపు తరుక్కుపోతుంది. అక్కడా పూతే, ఇక్కడా పూతే, రెండింటికీ శత్రువు మంచే. పూయడం అంటే పుష్పించడమూ, పైన పట్టించడమూ. యాంటీఫాగ్ పూత అని ఊరుకోకుండా "మంచుపూత" అని ఒక మాట కట్టలేమా?

పైటచెంగు:
మంచుపూత అంటే మంచే పూతలా పట్టింది అనుకుంటారండీ. అర్థం తిరగబడుతుంది.

కరీంనగర్:
మా దిక్కు తడి గుంజుడు అంటం. గుడ్డ తడిని గుంజుకుంటది. ఆ మాట ఎందుకు పనికిరాదు? ఇంకోటి, బయటివైపు సంగతి కూడా నోటులో రాయండి అన్నా. పోయిన జనవరిలో గుల్మార్గ్ పోయినప్పుడు నేను గాజు కిటికీలకు కొట్టే స్ప్రే కొట్టి టిష్యూతో తుడిచిన. బయట సన్నటి గీతలు పడ్డయి, లోపలి పూత మచ్చలు మచ్చలుగా లేచింది.

మంచుబాట:
బయటివైపు రాశాను అన్నా. ముందు ఇసుక, మంచు పలుకులు దులపాలి. తర్వాత పొడి మైక్రోఫైబర్ గుడ్డతో మెల్లగా తుడవొచ్చు. బాగా జిడ్డు పడితే గోరువెచ్చని నీళ్ళలో ఒక్క చుక్క మెత్తటి సబ్బు, అదీ బయటికే. అమోనియా, ఆల్కహాల్ ఉన్న స్ప్రేలు పూతను తినేస్తాయి, కాగితం టిష్యూ గీతలు పెడుతుంది. కారు హీటర్ ముందు పెట్టి ఆరబెట్టొద్దనీ, నుదుటి మీదికి నెట్టి పెట్టుకోవద్దనీ కూడా చేర్చాను. తల నుంచి వచ్చే చెమట ఆవిరంతా లోపలే పడుతుంది. క్రియ ఒక్కటే మిగిలింది.

సిరాబుడ్డి:
ఇంతసేపూ ఎవరైనా అంటారని చూశాను. అద్దుడు కాగితం మరిచిపోయారా? సిరా రాసిన పేజీ మీద పెట్టి తడిని తీసేది. అక్కడ అద్దడం తీసుకోవడమే కదా, ఇవ్వడం ఎక్కడుంది? పైటచెంగు గారి వాదన ఆ ఒక్క మాటతో పోయింది. నా దగ్గర మా తాతగారి లెడ్జరులోంచి తీసిన గులాబీరంగు ముక్క ఒకటి ఇప్పటికీ ఉంది. దాని మీద ఆయన సంతకం తిరగబడి కనిపిస్తుంది, ఒక్క అక్షరం కూడా అలుక్కోలేదు.

పైటచెంగు:
మంచి సాక్ష్యమే తెచ్చారు, కాదనను. కానీ అద్దుడు కాగితాన్ని ఊరికే ఆనించేవారా? చెక్క పిడికి చుట్టి, ఊయలలా ఆడిస్తూ నొక్కేవారు. అది చేతల్లో ఒత్తడమే.

నూజివీడు:
రాతలో చూసినా అద్దులో "ద"కి ఒత్తు ఉంది.

ఆటవెలది:
పద్యం వదిలేశారు మీరంతా. బ్రౌన్ దొర 1829లో అచ్చు వేయించే నాటికే వేమన పద్యాలు ఒక్కో ప్రతిలో ఒక్కోలా ఉండేవి. జనం నోట నలిగిన కవికి అది సహజం. అయినా ఈ పాదంలో కొండ తగ్గిపోవడం లేదు, చూపే అద్దం చిన్నది, అంతే. "కొంచెముండుటెల్ల కొదువ గాదు" అని ముందే చెప్పి, రెండో "కొంచెం" దగ్గర కొండను తెచ్చి నిలబెట్టాడు. ఆ రెండో కొంచెం మెత్తగా "గొంచెం" అవ్వాలని నా చెవి అంటుంది.

కరీంనగర్:
మా బడిల "కొంచెమై" అనే చదివినం. యతికి రెండూ సరిపోతయి కద సార్.

ఆటవెలది:
యతికి సరిపోతాయి. ద్రుతానికి సరిపోవు.

మంచుబాట:
నోటు శుక్రవారం ప్రింటు తీయాలి. పైన వేమన పాదం వేస్తున్నాను. "గొంచెమై" అని వేస్తే ఇక్కడి పిల్లలు అచ్చుతప్పు అనుకుంటారేమో. కింద, ప్రస్తుతానికి, "మెత్తటి గుడ్డతో అద్దండి" అని రాసుకున్నాను.

పైటచెంగు:
అయితే "నొక్కకుండా అద్దండి" అని వేయండి. ఆ మాట చేర్చాల్సి వస్తోందంటేనే ఉత్త అద్దడం చాలడం లేదని.

పెడన అద్దకం:
"నొక్కకుండా" కాదండీ, "జరపకుండా".