షుగర్‌కీ పేగుల్లో బ్యాక్టీరియాకీ లింకేంటి?

ప్రశ్న (మిర్యాలగూడ): మా అమ్మకు పదేళ్లుగా టైప్ 2, అక్క కొడుక్కి తొమ్మిదేళ్లకే టైప్ 1. పేగుల్లో బ్యాక్టీరియా చెడితేనే షుగర్ వస్తుందని ఎవరో వాట్సాప్‌లో పెడితే, అమ్మ మజ్జిగ తాగి షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ మానేస్తానంటోంది. ఇద్దరి పేగుల్లో బ్యాక్టీరియా తేడా ఒకేలా ఉంటుందా?

జవాబు: ముందు మాత్ర ఆపొద్దని చెప్పండి. టైప్ 2లో పీచును పులియబెట్టి బ్యుటిరేట్ (పేగులకు మేలుచేసే ఒక కొవ్వు ఆమ్లం) తయారుచేసే రోజ్‌బురియా, ఫీకాలిబాక్టీరియం లాంటి బ్యాక్టీరియా తగ్గినట్టు 2012లో చైనాలో చేసిన పరిశోధనలో కనిపించింది. టైప్ 1 కథే వేరు, అక్కడ సొంత రోగనిరోధక శక్తే ఇన్సులిన్ తయారుచేసే కణాలను చంపేస్తుంది. కొందరు పిల్లల్లో జబ్బు బయటపడకముందే బ్యాక్టీరియా రకాలు తగ్గాయట. అదే కారణమా అన్నది ఇంకా తేలలేదు. బాబుకు ఇన్సులిన్ ఒక్క పూట కూడా ఆగకూడదు.

జవాబు: ఇంకో తిరకాసుంది. మెట్‌ఫార్మినే బ్యాక్టీరియాను మారుస్తుంది. షుగర్ వల్ల అనుకున్న తేడాల్లో కొన్ని నిజానికి ఆ మాత్ర పనేనని 2015లో తేలింది.

జవాబు (మహబూబ్‌నగర్): మా దగ్గర జొన్నరొట్టెలో పీచుంటుంది, మంచిదే. కానీ మా నాన్న నాలుగు లాగించి 'షుగర్ ఎందుకు పెరిగింది రా' అంటాడు!

ప్రశ్న అడిగినవారు: అమ్మకు చదివి వినిపించా. మాత్ర వేసుకుంది, మజ్జిగ గ్లాసు మాత్రం వదల్లేదు.