అమ్మ పడక కుర్చీని ఇంట్లో ఉన్నవాటితో సరిచేశాను, తప్పా?

నిడదవోలు_పిల్ల: తాతగారి టేకు పడక కుర్చీని ఇప్పుడు అమ్మ వాడుతోంది. అమ్మకి 74 ఏళ్లు. గుడ్డ సాగిపోయి నడుము లోపలికి దిగిపోతోంది, లేవాలంటే ఎవరో ఒకరు చెయ్యి అందించాలి. గుడ్డ పై అంచుని ఆరంగుళాలు మడిచి కుట్టి బిగువు చేశాను. పాత నేతచీరల బొంత నాలుగు మడతలు వేసి పరిచాను. ముందు అడ్డకర్ర తొడల కింద ఒత్తుకుంటోందని తువ్వాలు చుట్టి కట్టాను. వెనక కాళ్ల కింద చెరో ఇటుక పెట్టాక లేవడం కాస్త తేలికైంది. అన్నయ్యేమో ఇదంతా తీసేసి రిక్లైనర్, అదే వెనక్కి వాలే ఫోమ్ కుర్చీ, కొందామంటున్నాడు. మీరేమంటారు?

టేకు_దూలం: ముందు ఆ ఇటుకలు తీసెయ్యండి. టైల్స్ మీద ఇటుక జారుతుంది. పైగా అది మడత కుర్చీ, వెనక కర్ర గాడిలో ఆని నిలబడేది. వెనక ఎత్తితే బరువంతా ముందుకొస్తుంది.

హనుమకొండ_ఎండ: బొంతకే నా ఓటు. మే నెలలో ఫోమ్ మీద అరగంట కూచుంటే వీపు తడిసిపోద్ది.

నిడదవోలు_పిల్ల: ఇటుకలకి గోనెపట్టా చుట్టాను, కుర్చీ గోడకి ఆనించి ఉంది. జారదు.

టేకు_దూలం: గోడ వెనక ఉంటుంది, మనిషి పడేది ముందుకి. మా నాన్నకి కూడా ఇలాగే ఎత్తు పెట్టాం, పైన దుప్పటి మడిచి వేశాం. లేవబోతుంటే దుప్పటితో పాటు జారి పడ్డారు, తుంటి ఎముక విరిగింది. మీ బొంతకి నాలుగు మూలలా నాడాలు కుట్టి కర్రలకి కట్టారా? అది చెప్పలేదు మీరు.

గుడ్డముక్క: మడతల్లో నల్లులు చూసుకోండి.

నిడదవోలు_పిల్ల: నాడాలు కుట్టలేదు, ఈరోజే కుడతాను. కానీ మీరు ఇటుకల దగ్గరే ఆగిపోయారు. నేనడిగింది రిక్లైనర్ సంగతి. అన్నయ్య డల్లాస్‌లో కూర్చుని డబ్బు పంపిస్తానంటే సరిపోతుందా? రాత్రి రెండింటికి అమ్మని బాత్రూమ్‌కి తీసుకెళ్లేది నేను. ఆ బొంత రెండేళ్ల కిందట అమ్మ చేత్తో కుట్టింది. దాన్ని పక్కన పడేసి కంపెనీ కుర్చీ తెస్తే నేను చేసిందంతా పనికిరానిదని చెప్పినట్టే కదా.

టేకు_దూలం: మీ కష్టాన్ని కాదనట్లేదమ్మా. నా బాధ వేరు. ఆ ఏడాదే మేం హాల్లోకి కొత్త సోఫా కొన్నాం. నాన్నకి మాత్రం పాత కుర్చీకే దిండ్లు సర్ది, అదే ఆయనకి అలవాటు అనుకున్నాం. ఆయన నోరు తెరిచి అడిగే మనిషి కాదు. ఇంట్లో పాతవన్నీ పెద్దవాళ్ల గదిలోకే ఎందుకు చేరతాయి? మీ అన్నయ్య తన పద్ధతిలో ఇదే అడుగుతున్నాడేమో.

నిడదవోలు_పిల్ల: మా ఇంట్లో సోఫా లేదండీ. నేనూ ప్లాస్టిక్ కుర్చీలోనే కూచుంటాను.

పాత_నవారు: ఇద్దరూ అసలు సంగతి వదిలేశారు. పడక కుర్చీ నడుము వాల్చుకోడానికి చేసింది, మాటిమాటికి లేవడానికి కాదు. రిక్లైనర్లూ చాలావరకు లోతుగానే ఉంటాయి. పాదాలు నేలకి పూర్తిగా ఆనాలి, మోకాళ్లు తుంటి కన్నా పైకి ఉండకూడదు. మామూలు ఎత్తు మనిషికి దాదాపు 18 అంగుళాల ఎత్తున్న, గట్టి చేతుల చెక్క కుర్చీ చాలు. మీ బొంత దాని మీద వేసి కట్టండి. పడక కుర్చీ మధ్యాహ్నం కునుక్కి ఉంచండి, లేచేటప్పుడు మీరు పక్కనుంటే చాలు.

నిడదవోలు_పిల్ల: ఇప్పుడే చూశాను. ఇటుకలు పెట్టినా అమ్మ మోకాళ్లు తుంటికి నాలుగంగుళాలు పైనే ఉన్నాయి. ఇటుకలు తీసేశాను. అటక మీద నాన్న రాసుకునే కుర్చీ ఉంది, చేతులున్నదే, ఒక కాలు వదులు. వడ్రంగికి కబురు పెట్టాను. రిక్లైనర్ మాత్రం వద్దనే అంటాను.

టేకు_దూలం: కాలు బిగించాక ముందు మీరు కూచుని, చేతుల మీద బరువు మోపి లేచి చూడండి. ఆ తర్వాతే అమ్మగారిని కూచోబెట్టండి.