సొంత ట్రస్ట్ లేకుండా పిల్లల ఫుట్‌బాల్ కోచింగ్‌కి సీఎస్ఆర్ (కంపెనీలు సమాజ సేవకి ఖర్చుపెట్టే) నిధులు వస్తాయా? (చెన్నై)

చెన్నై కొరుక్కుపేటలో మేం కొంతమందిమి కలిసి శని, ఆదివారాలు పొద్దున్నే 6 నుంచి 8 దాకా పిల్లలకి ఫుట్‌బాల్ నేర్పిస్తున్నాం. 9 నుంచి 14 ఏళ్ల వాళ్లు, ఓ ముప్ఫై మంది, అందులో తెలుగిళ్ల పిల్లలే ఎక్కువ. బూట్లు, బంతులు, లైసెన్స్ ఉన్న ఒక కోచ్ జీతం, ఇంతే మాకు కావలసింది.

ఒక ప్రొఫెషనల్ క్లబ్‌కి మెయిల్ పెడితే వచ్చి, జెర్సీలు పంచి, ఫొటో దిగి వెళ్లారు (ఫొటో మాత్రం బాగానే వచ్చింది లెండి), ఆ తర్వాత జవాబు లేదు. సరే అని ఒక కంపెనీ సీఎస్ఆర్ వాళ్లని అడిగాం. కంపెనీల చట్టం 2013 షెడ్యూల్ 7లో (సీఎస్ఆర్ డబ్బు ఖర్చుపెట్టదగ్గ పనుల జాబితా అది) క్రీడా శిక్షణ కూడా ఉంది కాబట్టి ఇవ్వొచ్చు, కానీ డబ్బు తీసుకునే సంస్థకి 12ఏ (సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జీ (దాతలకి పన్ను మినహాయింపు) రిజిస్ట్రేషన్లు, సీఎస్ఆర్-1 నంబరు (సీఎస్ఆర్ నిధులు తీసుకోవడానికి కేంద్ర ప్రభుత్వం దగ్గర చేయించుకునే నమోదు), పైగా అలాంటి పనిలో కనీసం మూడేళ్ల అనుభవం ఉండాలన్నారు. మాకు అసలు రిజిస్ట్రేషనే లేదు. ఇప్పుడు ట్రస్ట్ పెట్టి మూడేళ్లు ఆగితే ఈ పిల్లల్లో పెద్దవాళ్లు ఇంటర్‌కి వచ్చేస్తారు, ఇక గ్రౌండ్‌కి ఎవరు పంపిస్తారు?

ఇప్పటికే సీఎస్ఆర్-1 ఉన్న వేరే ట్రస్ట్ కింద తమ కోచింగ్‌ని ఒక ప్రాజెక్టుగా చేర్చి నిధులు తెచ్చుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే, ఆ ట్రస్ట్‌తో ఒప్పందం ఎలా రాసుకున్నారో చెప్తారా?