లిఫ్ట్ కిట్ వేస్తే అసలు పైకి లేచేది ఏది?

మాది శ్రీకాకుళం. మా మహీంద్రా థార్ జీపులో తరచూ సీతంపేట కొండల వైపు వెళ్తుంటాం. వానలకు దారి కోసుకుపోయి, మధ్యలో రాళ్లు తేలి, వెనక డిఫరెన్షియల్ గుండుకి (ఇరుసు మధ్యలో గేర్లుండే ఉబ్బుకి) గీసుకుంటున్నాయి. బండిని ఎత్తు చేసే 2 అంగుళాల లిఫ్ట్ కిట్ వేయించమంటున్నాడు మెకానిక్.

స్ప్రింగ్ పైన స్పేసర్ (ఎత్తు కోసం పెట్టే దిమ్మ) పెడితే ఛాసిస్, బాడీ లేస్తాయి, అంతవరకూ అర్థమైంది. కానీ వెనక ఇరుసు చక్రాలతోనే ఉంటుంది కదా, ఆ గుండు ఎత్తు మారదేమో? దానికి పెద్ద టైర్లే దారా?

ముందువైపు విష్‌బోన్ సస్పెన్షన్, అంటే ఒక్కో చక్రం దాని చేతుల మీద విడిగా కదులుతుంది. బండి లేచాక చక్రాలను తిప్పే డ్రైవ్ షాఫ్ట్‌లు ఇంకా ఏటవాలుగా తిరగాలి. ఆ షాఫ్ట్‌ల చివర వాలుగా కూడా తిరిగే సీవీ జాయింట్ల రబ్బరు బూట్లు (తొడుగులు) చిరుగుతాయేమోనని నా టెన్షన్. "ఏం కాదు బాబూ" అంటాడు మెకానిక్ గానీ, వీల్ అలైన్‌మెంట్ ఊసే ఎత్తడు. స్పేసర్ బదులు పొడవాటి స్ప్రింగులు, వాటికి తగ్గ షాక్ అబ్జార్బర్లు వేస్తే ఈ వాలు తగ్గుతుందా, లేక రెండూ ఒకటేనా? వేయించినవాళ్లు చెప్పండి.