డేమన్‌ని క్షమించొచ్చా? మొత్తం చూసినవాళ్ళు చెప్పండి

అందరికీ నమస్తే, మాది ఒడిశా పర్లాకిమిడి, ఇంట్లో తెలుగు బజార్లో ఒడియా. నేను, మా చెల్లి రోజూ రాత్రి భోజనాలయ్యాక ఫోన్లో ది వాంపైర్ డైరీస్ అనే ఇంగ్లీష్ సీరియల్ చూస్తన్నాం, 2009లో మొదలై 8 సీజన్లు నడిచింది కదా, అదే. రెండో సీజన్ దగ్గర మా ఇద్దరికీ గొడవైపోయింది. రక్తపిశాచి డేమన్ కోపంలో హీరోయిన్ ఎలీనా కళ్ళ ముందే ఆమె తమ్ముడు జెరెమీ మెడ విరిచేస్తాడు, వేలికి ఆ మంత్రపుటుంగరం ఉండబట్టి మళ్ళీ లేచాడు గానీ లేకపోతే అంతే. తర్వాత ఎలీనా అడిగితే ఉంగరం ఉందని తెలీదని ఒప్పేసుకుంటాడు, అబద్ధమాడి తప్పించుకోవచ్చు కదా ఆడలేదు, అదే వాడి మంచితనం అంటాది మా చెల్లి. నిజం చెప్పేస్తే చేసింది పోతుందా అని నేను. నాకూ తమ్ముడున్నాడు, ఆ సీన్ వచ్చినప్పుడు పక్కనే దుప్పటి ముసుగేసి పడుకునున్నాడు, నాకు చెయ్యి వణికి ఫోన్ కింద పెట్టేసాను.

అయినా వాడి తమ్ముడు స్టెఫాన్ కన్నా డేమన్ వస్తేనే ఇష్టంగా చూస్తన్నాను, అదే బాధగా ఉంది. వాడు నిజంగా మారతాడా, లేక తను ప్రేమించే ఎలీనా కోసం మాత్రమేనా? ముగింపు మాత్రం చెప్పేయకండి ప్లీజ్, మేమింకా మూడో సీజన్‌కి రాలేదు.